సేతువ కూర్చునే చోటు

పొద్దు వాలే వేళకి బేగం బీ కోళ్ళపాక ముందు పీట వేసుకుని కూర్చునేది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, గొంతు సవరించుకుని, ఒక్కో కోడినీ దాని రంగు పేరుతో పిలిచేది.

"డేగా..." అనగానే ఎర్రటి పుంజు మెడ నిక్కించుకుని వచ్చేది. "కాకీ..." అంటే నల్లపెట్ట. "నెమలీ..." అంటే రెక్కల మీద పసుపు మెరిసేది. నలుపూ ఎరుపూ పసుపూ మూడూ కలిసింది కౌజు. ఎరుపు మీద పొయ్యిలో బూడిద చల్లినట్టుండేది మైల. తెల్లటి రెక్కల్లో ఎవరో అక్కడో నల్లీక ఇక్కడో ఎర్రీక దూర్చినట్టుండేది పింగళ. అన్నీ ఒకే జాతి. పొడుగు కాళ్ళు, గట్టి ఎముక, ఒంటికి అతుక్కున్న ఈక, వెండి రంగు కళ్ళు. పిలుపు వరసలోనే అవి పాకలోకి నడిచి, అడ్డంగా కట్టిన వెదురు బొంగు మీదికి ఎగిరేవి. అన్నీ ఎక్కాక ఆమె ఇంకొక పేరు పిలిచేది.

"సేతువా..."

సేతువ అంటే మచ్చలేని తెలుపు. ఆ ఇంట్లో తెల్లకోడి లేదు.

పిలిచాక బేగం బీ కాసేపు ఆగేది. లోపలి నుంచి ఎవరో బదులిస్తారన్నట్టు చెవి అటు పెట్టేది. తర్వాత లేచి తడిక దగ్గరికి లాగి తాడు ముడేసేది.

చల్లపల్లికి అవతల, కాలవ గట్టున ఉన్న దూదేకులోళ్ళ వీధిలో అందరికీ ఇది తెలిసిన సంగతే. చేపల గంప దించుకుని అక్కడే కాసేపు కూలబడే కొండలమ్మ అయితే ఊరుకునేది కాదు.

"ఏం బేగమ్మా, లేని కోడికి కూడా నూకలు పోస్తావా? నీ సేతువ ఎప్పుడో ఏ నక్క కడుపులోకో పోయుంటది."

"నక్క కడుపులోకి పోతే నక్క తెల్లబడాలి కదే. తెల్లనక్క కనపడిందా నీకు?"

"నాకెందుకు కనపడుద్దమ్మా, నాకు పిచ్చా?"

"కనపడకపోతే కోడి ఉన్నట్టే. గంపలో రొయ్య తలకాయలు ఏమన్నా మిగిలినయ్యా, అది చెప్పు."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. గుమ్మం వెనక నిలబడి వినే ముబీనా మాత్రం నవ్వేది కాదు. ఆమె చూపు బొంగు మీద ఉండేది. గోడ వైపు చివర, బొంగు మీద జానెడు చోటు ఎప్పుడూ ఖాళీ. సంక్రాంతి ముందటి చలిలో కోళ్ళు ఒకదాన్నొకటి ఒత్తుకుని, చోటు చాలక ఈ చివరది జారి కింద పడినా సరే, గోడ పక్కకి ఏదీ జరిగేది కాదు. ఆ ఏడాది పుట్టి, మొదటిసారి బొంగెక్కే కుర్ర పెట్టలు కూడా అంతే. వాటికి ఎవరు చెప్పారు? ఒకసారి ముబీనా పింగళను ఎత్తి ఆ చోట కూర్చోబెట్టింది. అది అరవలేదు, కొట్టుకోలేదు. మెల్లగా పక్కకి చూసింది, అక్కడెవరో ఉంటే చూసినట్టు. తర్వాత ఒక్కో కాలే తీసి ఇవతలికి జరిగింది.

తొంభైలో మే నెల తుపాను వచ్చినప్పుడు ముబీనాకి ఆరేళ్ళు. వీధి వీధంతా మసీదులో తలదాచుకుంది. ముబీనా తల్లి అఫ్సానా కూడా పిల్లనెత్తుకుని వచ్చింది కానీ, వచ్చిన కాసేపటికే తల్లి బేగం బీ ఒళ్ళో పిల్లను పెట్టి లేచింది. ఇంటి దగ్గర తెల్లపెట్ట గుడ్ల మీద ఉంది. పొదుగుడు పెట్ట పైకప్పు కూలినా లేవదు, చచ్చిపోతుంది. "గంపతో సహా ఎత్తుకొస్తానమ్మా, ఇట్టా వెళ్ళి అట్టా వస్తా" అంది.

మర్నాడు గాలి తగ్గాక ఆమె శవాన్ని కాలవ మలుపు దగ్గర చూశారు. గుప్పిట బిగిసి ఉంది. అప్పటికి పద్నాలుగేళ్ళున్న తమ్ముడు నాగూరు ఆ వేళ్ళు విప్పితే లోపల రెండు తెల్ల ఈకలు. పెట్ట మాత్రం ఎక్కడా దొరకలేదు. ఇంటికి వెళితే పాక పైకప్పు లేదు, మట్టిగోడ సగం కరిగింది, గంప నీళ్ళల్లో నానుతోంది. బేగం బీ గంపలో చెయ్యి పెట్టింది. గుడ్లు వెచ్చగా ఉన్నాయి. రాత్రంతా వాన పడి, మీద పెట్ట లేకుండా, తల్లి అప్పుడే లేచి మేతకి వెళ్ళినట్టు వెచ్చగా ఉన్నాయి.

వాటిని పక్కింటి నల్లపెట్ట కింద పెడితే అన్నీ లేచాయి. ఎరుపు వచ్చింది, నలుపు వచ్చింది, మైల వచ్చింది, కౌజు వచ్చింది. తెలుపు ఒక్కటీ రాలేదు. ఇప్పుడున్న కోళ్ళన్నీ ఆ గుడ్ల సంతానమే.

అప్పటి నుంచే బేగం బీకి ఆ పిలుపు అలవాటయింది. పిలిచేది కోడినో కూతుర్నో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ముబీనా తండ్రి వేరే పెళ్ళి చేసుకుని మైలవరం వైపు వెళ్ళిపోయాడు. నాగూరు పెద్దవాడై విజయవాడ వన్ టౌన్‌లో పరుపులు కుట్టే కొట్లో కుదిరాడు, ఆదివారాలు వచ్చి వెళ్ళేవాడు. బేగం బీకి మోకాళ్ళు పట్టేశాక ఏడో తరగతిలో ముబీనా బడి ఆగింది. అప్పటి నుంచి ఆ పిల్లకి లోకమంటే అమ్మమ్మా, కోళ్ళూ. నలుగురిలో నోరు పెగలదు. కానీ ఏ కోడి నిన్నటికంటే ఒక గింజ తక్కువ తిన్నదో చెప్పగలదు.

ఆ చూపు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదే. బేగం బీ కోడిపిల్ల పుట్టగానే రంగు చెప్పేది కాదు. మొదటి నూగు రాలి, అసలు ఈకలు వచ్చి, మెడ మీద రంగు తిరిగేదాకా ఎవరడిగినా "ఇంకా బయటికి రాలేదు" అనేది. అప్పటిదాకా పిల్లను అమ్మేది కాదు, ఇచ్చేది కాదు, పేరు పెట్టి పిలిచేది కూడా కాదు. పుట్టినప్పుడు గడ్డిరంగున్నది మైలగా తిరగొచ్చు, నల్లగా పుట్టింది కౌజు కావచ్చు. "ముసుగేసుకుని వస్తాయే పిల్లా. తీసేదాకా ఆగాలి" అనేది.

ఒక ఏడాది కొక్కెర తెగులు వచ్చి వీధిలో కోళ్ళన్నీ మెడలు వాల్చి పోయాయి. ఈ పాకలోనూ చాలా పోయాయి. అప్పుడు ఎక్కువగా మిగిలినవి మైలలు. మూడేళ్ళకి మళ్ళీ అదే తెగులు వస్తే మైలలే ముందు పోయాయి, నెమలీ కాకీ నిలబడ్డాయి. చచ్చినవాటిని గట్టు మీద పాతిపెట్టి వచ్చి బేగం బీ చేతులు కడుక్కుంటూ అంది:

"ఏ రంగు కింద ఏ బలం దాచాడో ఆయనకే ఎరిక. అందుకే అన్నీ ఉండాలి. ఒక్కటి పోగొట్టుకున్నా, రేపొచ్చే తెగులు దానికోసమే వస్తది."

"మరి సేతువ పోయిందిగా అమ్మమ్మా?"

బేగం బీ ఆ పిల్ల వంక చిత్రంగా చూసింది. "రంగు చావదే. దాక్కుంటది. వీటిల్లోనే ఉంది. ఎందులో ఉందో తెలియకే కదా దేన్నీ పంపించనిది."

రెండు వేల ఒకటి ఎండాకాలంలో బేగం బీకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, నోరు ఒక పక్కకి లాగింది. మాటల్లో ఏవో నాలుగు మిగిలాయి. మంచం పాకకి ఎదురుగా వేయించుకుంది.

ఆ సాయంత్రం పిలవాల్సింది ముబీనా. ఆమె గొంతు ఎప్పుడూ అంత దూరం వెళ్ళి ఉండదు. సిగ్గుపడుతూనే డేగను పిలిచింది, కాకిని పిలిచింది, వరసగా అన్నింటినీ పిలిచింది. ఒక్కటీ కదల్లేదు. పాక ముందు నేల మీద అన్నీ నిలబడి, మెడలు తిప్పి, బొంగు మీద గోడ పక్క చోటుకేసి చూస్తున్నాయి. వెలుతురు తగ్గిపోతోంది. చీకటి పడ్డాక కోడికి కళ్ళు కనపడక నిలబడ్డచోటే ముడుచుకుంటుంది, ఇవి ముడుచుకోలేదు. అన్నేసి వెండికళ్ళూ ఒకే వైపు.

చివరి పేరు పిలవకూడదని ముబీనా అనుకుంది. అది అమ్మమ్మ బాధ, అమ్మమ్మ పిచ్చి. తను పిలిస్తే అది తనదవుతుంది. అట్లా అనుకుంటూనే, ఆ మౌనం భరించలేక, గాలి వదిలినంత మెల్లగా "సేతువా" అంది.

కోళ్ళన్నీ ఒక్కసారి రెక్కలు విదిల్చి బొంగెక్కాయి. మంచం మీద నుంచి బేగం బీ చూస్తూ ఉంది.

ఆ నెలలోనే నాగూరు ఒక ఆదివారం వ్యాన్‌లో ఒకాయన్ని తీసుకొచ్చాడు. పేరు పోలరాజు. వన్ టౌన్‌లో గోడౌను పెట్టి జాతి కోళ్ళ వ్యాపారం చేస్తాడు. తెల్లచొక్కా, మెళ్ళో తువ్వాలు. చేతులు మాత్రం కోడిని పట్టడం తెలిసిన చేతులు. డేగ పుంజును చంకలో పెట్టుకుని కాళ్ళు నొక్కి, మెడ సాగదీసి, కంట్లోకి చూశాడు.

"రకం మంచిదేనయ్యా నాగూరూ. వానకి తడిసినా తుమ్మదు, ఇది రాయి. కానీ ఇన్ని రంగులేంటి? ఇది కోళ్ళ దొడ్డా, గాజుల కొట్టా?"

"మా అమ్మకి అన్నీ ఉండాలండి."

"నాకు అన్నీ అక్కర్లేదు. తానులోంచి చింపినట్టు ఒక్కటే రంగు కావాలి. డేగ. డేగకి డేగనే జత కట్టు. వేరేవి ఈ దొడ్లో తిరిగితే రక్తం కలుస్తది, రంగు నిలవదు."

"అమ్మ ఒప్పుకోదండి మరి."

పోలరాజు మంచం వైపు చూసి గొంతు తగ్గించాడు. "అమ్మగారు ఇప్పుడేం అనగలరయ్యా, పాపం."

ఒప్పందం ముబీనా ముందే కుదిరింది. డేగ పుంజునీ డేగ పెట్టలనీ వేరే తడికలో కట్టాలి. వాటి గుడ్లు పొదిగించి చూడాలి. పిల్లలన్నీ డేగలే అయితే మిగతా రంగులన్నీ గంపలకెక్కి విజయవాడ మాంసం కొట్లకి పోతాయి. అప్పటి నుంచి ఇక్కడ డేగలే పెరుగుతాయి, వ్యాను వస్తూ ఉంటుంది. ఒక్కటి తేడా వచ్చినా బేరం లేదు.

ముబీనా పాక వైపు చూసింది. కాకి పోతుంది, కౌజు పోతుంది. అమ్మ ప్రాణం పెట్టి వెచ్చగా ఉంచిన గుడ్ల సంతానం పోతుంది. సేతువ దాక్కున్న కోడి ఏదో, అదీ ఆ గంపలోనే పోతుంది. చెప్పడానికి నోరు తెరిచింది. పోలరాజు ఇటు తిరిగేసరికి మూసుకుంది.

మంచం మీద నుంచి బేగం బీ వంకర నోటితో ఒక్క మాట అంది. "రా... నీ."

తల్లి ఒప్పుకుందని నాగూరు సంబరపడ్డాడు. ఎవర్ని రానిమ్మంటోందో అతను అడగలేదు.

తడిక కట్టారు. వేరే పుంజు దూరడానికి సందు లేకుండా పైన వల కూడా వేశారు. డేగ పెట్టలు గుడ్లు పెట్టాయి, కాకి పెట్ట వాటి మీద పొదిగింది. ఆషాఢంలో పిల్లలు లేచాయి. ఆ ఆదివారం నాగూరు గంప ఎత్తి చూశాడు. అన్నీ లేత గడ్డిరంగు.

"అయిపోయింది. అన్నీ డేగలే. రేపు పోలరాజుగారికి ఫోన్ చేస్తా. ముబీ, పాత గంపలు ఎక్కడున్నాయే? తాళ్ళు చూసి పెట్టు."

ముబీనా కదల్లేదు. కాకి రెక్క కింద నుంచి తొంగి చూస్తున్న ఒక పిల్లను చూస్తోంది. దాని ఎడమ కాలి చివరి గోరు ఒక్కటీ నల్లగా ఉంది. అమ్మ తేబోయిన తెల్లపెట్టకి అట్లాగే ఉండేదని అమ్మమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

"మామయ్యా."

నాగూరు ఉలిక్కిపడ్డాడు. ఆ పిల్ల తనంతట తాను పిలవడం అతనికి గుర్తు లేదు. "ఏంటి?"

"ఈకలు మారలేదు."

"ఏ ఈకలు?"

"ఈకలు మారేదాకా అమ్మమ్మ రంగు చెప్పదు. కోడిని ఇయ్యదు. ఈ ఇంట్లో అట్టా లేదు."

"అన్నీ గడ్డిరంగేగా! కళ్ళు లేవా నాకు?"

"మైల కూడా గడ్డిరంగే పుడతది మామయ్యా. ముసుగు తీసేదాకా ఆగాలి." ముబీనా గంప మీద చెయ్యి వేసింది. "నువ్వు ఇప్పుడే పంపించి, రేపు తేడా వస్తే? అవి మళ్ళీ రావు."

నాగూరు కసిరేవాడే. కానీ మంచం వైపు చూపు పోయింది. బేగం బీ కన్నార్పకుండా చూస్తోంది. ఆ చూపులో తల్లి కోపం లేదు, బొంగు మీది ఖాళీ చోటుకేసి కోళ్ళు చూసే చూపు ఉంది. అతను తువ్వాలు దులుపుకున్నాడు.

"సరే, రంజాన్ దాకా. ఆ తర్వాత నీ మాటా లేదు, నా మాటా లేదు."

ఆ నెలల్లో నాగూరు ఆదివారాలు వచ్చినా తడిక వైపు పోలేదు, ముబీనా మాత్రం రోజూ పిల్లల్ని చూసేది. ఎరుపు మెల్లమెల్లగా బయటపడింది. ఒక్కోటీ డేగ అవుతుంటే ఆమె మిగిలినవాటిని లెక్కపెట్టుకునేది. నల్లగోరు పిల్ల మాత్రం గడ్డిరంగు వదిలి పాలిపోయింది. రెక్క చివర తెల్లీక వచ్చింది. వీపు మీద వచ్చింది. మేత దగ్గర మిగతా పిల్లలు పొడుచుకుంటూ కలబడేవి, ఇది నడిచి వస్తే పక్కకి జరిగేవి. కాకి పెట్ట ఎప్పుడు రెక్క చాచినా దాన్ని గోడ వైపే ఉంచేది.

రంజాన్ చివరి వారంలో, మధ్యాహ్నపు ఎండలో పోలరాజు వ్యాను వచ్చింది. గంపలు దించుతూనే తడిక లోపలికి చూశాడు. ఎర్రటి పిల్లల మధ్య, సున్నం వేసిన గోడ మీద ఎండ పడ్డట్టు తెల్లటి పెట్టపిల్ల నిలబడి ఉంది.

"ఇదేంటి? డేగకి డేగ కడితే సేతువ దిగుద్దా? ఏ పుంజు దూరింది?"

"వల వేసే ఉందండి. మీరే కట్టించారుగా. అయినా ఈ వీధిలో తెల్లపుంజే లేదు."

పోలరాజు దాన్ని పట్టుకుందామని వంగాడు. అది పారిపోలేదు. రెండడుగులు ముందుకొచ్చి, మెడ ఎత్తి, అతని మొహంలోకి చూసింది. అన్నేళ్ళు కోళ్ళ కళ్ళల్లోకి చూసిన మనిషి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాకొద్దయ్యా. ఏది కడితే ఏది పుడుతుందో తెలియని చోట నాకు బేరం వద్దు."

"ఒక్కటేగా తేడా అండీ..."

"ఒక్కటి బయటికొచ్చింది. లోపల ఎన్నున్నాయో నువ్వు చెప్పగలవా?"

ఖాళీ గంపలు వ్యాను ఎక్కాయి. నాగూరు కోపంగా తడిక తన్నబోయి, ఆగిపోయాడు. తెల్లపెట్ట కాలి చివర నల్లగోరు కనపడింది. అతను నేల మీద చతికిలబడ్డాడు. చాలాసేపటికి అరచేతులు రెండూ విప్పి చూసుకున్నాడు, ఎవరి వేళ్ళో ఇప్పుడే విప్పినట్టు.

"ముబీ, ఇది ఎక్కడి నుంచి వచ్చిందే?"

"ఎక్కడి నుంచో రాలేదు మామయ్యా. ఇక్కడే ఉంది."

ఆ సాయంత్రం ఉపవాసం విడిచాక ముబీనా పాక దగ్గరికి వచ్చింది. తడికలన్నీ తీసేసింది. కొండలమ్మ గంప పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుంది, ఎగతాళి మాట ఒక్కటీ అనలేదు. ముబీనా వరసగా పిలిచింది. డేగలు వెళ్ళాయి, కాకి వెళ్ళింది, నెమలీ కౌజూ మైలా పింగళా వెళ్ళాయి.

"సేతువా..."

తెల్లపెట్ట గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఇంతకు ముందెప్పుడూ బొంగెక్కని పిల్ల, ఒక్క ఎగురులో గోడ పక్కకి ఎక్కి, ఆ జానెడు చోటులో సరిగ్గా ఒదిగి కూర్చుంది. మంచం మీద బేగం బీ గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఏడుపని నాగూరు అనుకున్నాడు. ముబీనాకి నవ్వులా వినిపించింది.

తడిక మూయబోతుండగా బొంగు మీద అలికిడయింది. కోళ్ళు జరుగుతున్నాయి. పింగళ మైలని ఒత్తింది, మైల కౌజుని ఒత్తింది. ఆ చివర ఉన్న డేగ ఒకటి జారి కింద పడింది. సేతువ పక్కన జానెడు చోటు ఖాళీ అయింది. తర్వాత అన్నీ ఒక్కటొక్కటే నేల మీదికి దిగి నిలబడ్డాయి. సేతువ ఒక్కతే బొంగు మీద ఉంది. మిగతావన్నీ మెడలు తిప్పి దాని పక్కన ఉన్న ఖాళీకేసి చూస్తున్నాయి.

ముబీనాకి అర్థమైంది. ఈసారి అవి చోటు ఉంచుతున్నది పోబోయే మనిషికి. "లేదు" అంది కోళ్ళతో. "అన్ని పేర్లూ అయిపోయినయ్. ఎక్కండి." కాకిని ఎత్తి బొంగు మీద పెట్టింది, అది దిగింది. పింగళను పెట్టింది, అది దిగింది. వెలుతురు పోతోంది.

"ముబీ..." మంచం మీద నుంచి పిలుపు. బేగం బీ బాగున్న చేత్తో కోళ్ళ వైపు చూపించింది. "పిలు."

"నేను పిలవను."

"చలి... వాటికి. పిలు."

నాగూరు ఏంటేంటని అడుగుతున్నాడు. కొండలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముబీనా పీట మీద కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు ఆనించింది, అమ్మమ్మ లాగే. పాకలో అన్ని రంగులూ ఒకే నీడలో కలిసిపోతున్నాయి, తెలుపు తప్ప.

"అమ్మమ్మా..." అని పిలిచింది.

ఇన్నేళ్ళలో ఆ చివరి పిలుపుకి ఎవరూ బదులివ్వలేదు. ఇప్పుడు మంచం మీద నుంచి వచ్చింది, మెల్లగా, వంకరగా, సంతోషంగా.

"ఊఁ."

కోళ్ళన్నీ రెక్కలు విదిల్చి బొంగెక్కాయి. సేతువ పక్క చోటు వదిలి, ఒకదాన్నొకటి ఒత్తుకుని సర్దుకున్నాయి. ముబీనా లేచి తడిక మూసి, తాడు ముడేసింది.